ఆవడి పక్క నుంచి ప్రపంచ భద్రత

అంతర్జాతీయ భద్రతపై రాయడం మొదలుపెట్టే యువత శ్రమ నాకెంతో గౌరవనీయం. రహస్య పత్రాలు చూడనివాళ్లకు ఏం తెలుస్తుందని కొందరంటారు. కానీ చెన్నై శివార్లలో పట్టాభిరామ్ పక్కనున్న ఆవడినే చూడండి: 1965లో అక్కడి కర్మాగారం నుంచి వెలువడిన విజయంత ట్యాంకుది బ్రిటిష్ నమూనా, తర్వాత అక్కడే తయారైన టి-72, టి-90లవి సోవియట్, రష్యా నమూనాలు, మన అర్జున్ ట్యాంకుకు జర్మన్ ఇంజను. ఇవన్నీ బహిరంగ విషయాలే. వీటిని వరుసగా పేర్చి, రేపు విడిభాగాలు ఆగిపోతే ఏమవుతుందని అడగడమే ఈ వృత్తిలో తొలి నైపుణ్యం. అనుభవం లేకపోవడం నిజంగా లోటే, కాదనలేం. అయితే తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1949లో మాస్కోకు రాయబారిగా వెళ్లినప్పుడు ఆయన వెనకున్నది దౌత్య ఉద్యోగం కాదు, దశాబ్దాల తత్వశాస్త్ర అధ్యయనం. పైగా ఈ యువత తేదీ వేసి రాసిన అంచనాను ఏడాది తర్వాత ఎవరైనా సరిచూడవచ్చు. ఆ జవాబుదారీతనం ఉద్యోగం రాకముందే వాళ్లకు అలవడుతోంది.