నీటి వెంట నడక

మార్గశిరం దాటిందంటే మా కార్వేటినగరం చుట్టూ ఉన్న కొండలు నడకకు అనువుగా మారతాయి. మా వైపు నైరుతి వానలూ పడతాయి గానీ, కోనలు నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాలతోనే. ఆ వానలు వెలిశాక, ఎండలు ముదరకముందు దొరికే రెండు మూడు నెలలే కొండెక్కే కాలం. ఈ నడక నాకు నేర్పిన ముఖ్యమైన విద్య నీటిని చదవడం.

నగరి కొండల పైభాగం క్వార్ట్‌జైట్ రాయి, దాని అడుగున గ్రానైటు. పై రాతి పగుళ్ళలో ఇంకిన వాన, కింద గట్టి రాయి తగలగానే ఇంకా దిగలేక పక్కకు ఊటై వస్తుంది. ఈ రెండు రాళ్ళు కలిసే చోటును తిరుమల ఘాట్ రోడ్డులో కళ్ళారా చూడవచ్చు. ఆ రెంటి మధ్య కోట్ల ఏళ్ళ ఎడం ఉందని చెప్పి, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. నీరు దొరికిన చోటే మనవాళ్ళు దేవుణ్ణీ నిలిపారు. కైలాసకోనలో కైలాసనాథుడు, సింగిరికోనలో నరసింహస్వామి, సదాశివకోనలో శివుడు అలా వెలసినవాళ్ళే.

తిరుమల అడవుల్లో ముక్కోటి నడకలు చూడండి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. మూడూ వానాకాలం దాటాకే వస్తాయి. వాగు ఉధృతి తగ్గి ఉంటుంది, తాగడానికి నీరు మిగిలి ఉంటుంది, చీకటి పడినా వెన్నెల తోడుంటుంది. పుణ్యం సంగతి అలా ఉంచి, కొండెక్కేవాళ్ళు ఎప్పుడు బయల్దేరాలో చెప్పే పంచాంగంగా కూడా నేను ఈ తిథులను చదువుకుంటాను.

అడవి తెలిసిన మనిషి లేకుండా నేను కోనలోకి దిగను. నాకు దారి చూపే యానాది పెద్దాయన ముందు ఆకాశాన్ని చూడడు, కొండ కొసను చూస్తాడు. "కొండ మింద మబ్బు కూచుంటే వాగులో కాలు పెట్టొద్దు సామీ" అంటాడు. మన నెత్తిన ఎండ కాస్తున్నా, పైన కురిసిన వాన కాసేపటికే ఇరుకు కోనలో నడుము లోతున దూసుకొస్తుంది. వాగు ఒడ్డున చెట్ల కొమ్మలకు చిక్కుకున్న పుల్లలు, ఎండుటాకులు చూపించి, కిందటి వరద ఎంత ఎత్తున పోయిందో చెబుతాడు. కూర్చున్నా పడుకున్నా ఆ గుర్తుకు పైనే. మెత్తగా ఉందని వాగు ఇసుకలో గుడారం వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పాచి పట్టిన బండ మీద తొందరపడితే దారి నేరుగా విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టే రాచపాళెం దాకా పోతుంది.

మూటలో నాకు కావలసింది కొద్దే. సంగటి ముద్ద, ఊరిబిండి, వేయించిన చెనిక్కాయలు, నీళ్ళు, టార్చిలైటు, ఒక దుప్పటి. నిప్పు మాత్రం వద్దు. చలికాలం చివరికి బోద గడ్డి ఎండి నిలుచుంటుంది. దానికి ఒక్క రవ్వ తగిలితే కొండంతా అంటుకుంటుంది. రిజర్వు అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోకూడదు. ఎర్రచందనం దొంగల కోసం నిఘా వేసి ఉంచే అడవి ఇది. అక్కడ రాత్రి కనిపించే ప్రతి దీపమూ అనుమానమే. అడవిలో రాత్రి గడపాలనుకునేవాళ్ళకు తలకోన ఉంది. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులో 270 అడుగుల జలపాతం, దగ్గర్లోనే బస.

మా ఊరి వైపు కొండల నీరు కృష్ణాపురం జలాశయంలో చేరుతుంది. అక్కణ్ణుంచి కుశస్థలిగా తమిళనాట పూండి చెరువుకు పోయి చెన్నై జనం దాహం తీరుస్తుంది, చివరికి ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. నారాయణవనం వైపు నీరు అరణియారులో పడి పిచ్చాటూరు మీదుగా పులికాట్‌కు చేరుతుంది. జలపాతం కింద షాంపూ ప్యాకెట్టు చింపేవాళ్ళను చూస్తే నా గుండె మండేది ఇందుకే. ఆ నురగ ఎవరి బిందెలోకి పోతుందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

చెప్పాల్సింది చిన్నప్పుడే. ప్రతి ఏడూ మా పిల్లల్ని బస్సెక్కించి దూరాన ఉన్న ఊటీ చూపిస్తున్నాం. ఒక్క ఏడు సంక్రాంతి సెలవులయ్యాక, అటవీశాఖ అనుమతితో, యానాది పెద్దను ముందు పెట్టుకుని, దగ్గరి కోనకు నడిపించండి. ఆ పెద్దకు గురువుకిచ్చే గౌరవమూ కూలీ రెండూ దక్కాలి. పొద్దున ఊట దగ్గర మొదలుపెట్టి సాయంత్రానికి జలాశయం కట్ట మీదికి చేర్చండి. తాము తాగే నీటి దారిని కాళ్ళతో కొలిచిన పిల్లలు పెద్దయ్యాక దాన్ని పాడు చేయరని నా నమ్మకం. ఈ పని మన బడులు ఈ ఏడే మొదలుపెట్టవచ్చు.