పుట్టుపూర్వోత్తరములకు సాక్ష్యము

తమ పూర్వులెవరో తెలిసికొనవలెనన్న కోరిక మనుష్యులందరికి ఉన్నదే యైనను, దానిని అభ్యాసముచేత మాత్రమే అలవడు ఒక విద్యగా భావించి, ఆ విద్య కొరకై ఏటేట ఒకచోట సమావేశమగు జనులు వేలకొలదిగా ఉన్నారన్న సంగతి మన దేశమున ఎక్కువమందికి తెలియదు. అమెరికాలోని యూటా రాష్ట్రమున, సాల్ట్ లేక్ సిటీ యందు 2011 నుండి జరుగుచున్న 'రూట్స్‌టెక్' అను మహాసభ అట్టిది. 2021లో మహమ్మారి కారణముగా ఆ సభను పూర్తిగా అంతర్జాలమునందే, ఎట్టి రుసుమును లేకుండ నడిపినప్పుడు, 240కి మించిన దేశములనుండియు ప్రాంతములనుండియు పదిలక్షలకు పైబడిన జనులు అందు పాల్గొనిరి. పిమ్మట సభాభవనముల తలుపులు మరల తెరచినను, ఇంటనుండి వినగోరువారికి ప్రసంగములు లభించుచునే యున్నవి. అక్కడ ఉదయము తొమ్మిది గంటలకు ఆరంభమగు ప్రసంగము మనకు రాత్రి తొమ్మిదిన్నరకు వినవచ్చును. భోజనములై ఇల్లు సద్దుమణగిన వేళ, ఐర్లండులోని ఒక పల్లెటూరి చర్చి పుస్తకమును ఎట్లు చదువవలెనో ఒక వృద్ధురాలు వివరించుచుండగా, కాగితము కలము చేతబట్టి నేను వినుచుందును.

ఈ సభను నిర్వహించు 'ఫ్యామిలీసెర్చ్' సంస్థ, మోర్మనులని లోకము వ్యవహరించు క్రైస్తవ సమాజమునకు చెందినది. బ్రదికియున్నవారు గతించిన పూర్వులకై, పేరుపేరున, కొన్ని పవిత్ర కర్మలను ఆచరింపవచ్చుననియు, అందువలన కుటుంబబంధము మరణముచే తెగిపోదనియు వారి విశ్వాసము. పితృఋణమను మాట వినుచు పెరిగిన తెలుగువానికి ఇది వింతగా తోపదు. అయితే కర్మకు పేరు కావలెను, పేరునకు ఆధారము కావలెను. ఆ అవసరమే వారిని ప్రపంచమునందలి పాత దస్తావేజులవైపు నడిపించినది. 1894లో ఒక వంశచరిత్ర సంఘమును స్థాపించి, 1938 నుండి దేశదేశముల చర్చి పుస్తకములను, జననమరణ పట్టికలను, వీలునామాలను, ఓడల జాబితాలను మైక్రోఫిలిముపైకి ఎక్కింప మొదలిడిరి. సాల్ట్ లేక్ సిటీకి చేరువనున్న లోయలో గ్రానైటు కొండను తొలిచి నిర్మించిన భాండాగారమున ఆ ఫిలిము చుట్టలు సుమారు 24 లక్షల దాక చేరినవి. వానినన్నిటిని డిజిటల్ రూపమునకు మార్చు పని 2021లో ముగిసినది. హరిద్వారమున పండాలు యాత్రికుల పేర్లను తరతరములుగా వ్రాసికొన్న బహీలు సైతము వారి సేకరణలో ఉన్నవని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు.

ఇంతటి సామగ్రి చేరువనుండగా, సామాన్యుడు అందులో వెదకునది తనకొక ఘనుడైన పూర్వుడు దొరకునా అని. ఆ సభలోని మంచి ఉపన్యాసకులు ఈ ఆశను మొదటనే త్రుంచివేయుదురు. తండ్రికిని కొడుకునకును నడుమ గీయు ప్రతి గీతకు సాక్ష్యము చూపవలెననుట వారి తొలి పాఠము. వెదకదగిన చోట్లనెల్ల వెదకుట, ప్రతి విషయము ఎక్కడ దొరకినదో వ్రాసియుంచుట, దొరకిన సాక్ష్యములను ఒకదానితో నొకటి పోల్చి పరీక్షించుట, అవి పరస్పరము విరుద్ధములైనచో ఆ విరోధమును పరిహరించుట, తుదకు నిర్ణయమును హేతుపూర్వకముగా వ్రాతలో పెట్టుట అను అయిదంగముల నియమమొకటి ఈ విద్యయందు స్థిరపడియున్నది. తర్కమున పంచావయవ వాక్యమును నిర్మించిన జాతికి ఇందు నూతనత్వము లేకపోవచ్చును గాని, ఆ తర్కమును మనము ఈశ్వరసిద్ధికి వినియోగించినంత శ్రద్ధతో ముత్తాత పుట్టిన సంవత్సరమును నిర్ణయించుటకు వినియోగింపలేదు.

ఒక కాగితమునందలి విషయములన్నిటికిని సమానమైన ప్రామాణ్యముండదన్న సూక్ష్మమును నేను అక్కడనే స్పష్టముగా గ్రహించితిని. మరణ ధ్రువపత్రము చచ్చిన దినమునకు చక్కని సాక్ష్యము. అందే వ్రాసియున్న పుట్టిన తేదీ మాత్రము, ఆ దుఃఖసమయమున ఎవరో బంధువు జ్ఞాపకముచేసికొని చెప్పినది. మన బడి రిజిస్టర్లలోని పుట్టిన తేదీలను ఈ దృష్టితో చూడుడు. పిల్లవానికి ఇన్నేండ్లుండునని పంతులుగారు లెక్కగట్టి వేసిన తేదీయే వాని ఉద్యోగమునకు, పింఛనుకు, అంత్యకాలపు పత్రములకును ఆధారమైనది. తల్లి మాత్రము "ఉప్పెన వచ్చిన యేడు, ధనుర్మాసంలో" అని చెప్పును. ఈ రెంటిలో తల్లిమాటయే గట్టిది. ఏలయన ఆమె అక్కడ ఉన్నది, పంతులుగారు లేరు.

మన సీమలో ఈ విద్యకు గల చిక్కులు వేరు. తాత పేరు మనుమనికి పెట్టుట మన ఆచారమగుటచే, ఒకే ఇంట రామయ్య కొడుకు వెంకయ్య, వెంకయ్య కొడుకు రామయ్య, మరల వెంకయ్య! దస్తావేజులోని రామయ్య వీరిలో ఎవ్వడో భూమి హద్దులనుబట్టియో, భార్య పేరునుబట్టియో తేల్చుకొనవలసినదే. దత్తత పోయినవాని ఇంటిపేరును గోత్రమును మారును. రెడ్లలోను కమ్మవారిలోను ఇల్లటపుటల్లుడు మామగారి ఆస్తికి వారసుడై ఆ ఊరనే స్థిరపడును గాని ఇంటిపేరు తనదే నిలుపుకొనవచ్చును. కావున భూమి ఒక త్రోవను, రక్తము ఒక త్రోవను, పేరు మరియొక త్రోవను పోవుచుండును. పాశ్చాత్యులు తయారుచేసిన వంశవృక్షపు గడులలో వీనిని నింపబోవువాడు ప్రతి గడియొద్ద నిలిచి ఆలోచింపవలసివచ్చును. అట్లు ఆలోచించుటయే ఆ పని యందలి రుచి.

వంశములను చెప్పువారు మనకు పూర్వము లేకపోలేదు. భట్రాజులు రాజులకును, పిచ్చుకుంట్లవారు కాపులకును ఇంటిపేర్లు, గోత్రములు, పూర్వుల ఘనకార్యములు ఏకరువుపెట్టుచు ఊరూర తిరిగిరి. ఆ గానము వినసొంపైనది. అయితే దాతను సంతోషపెట్టుట కొరకు పుట్టినది గనుక, అందు ఓడిపోయినవాడు గాని అప్పులపాలై ఊరు విడిచినవాడు గాని కానరాడు. కాగితముమీదికి వచ్చిన వంశములలో అధికభాగము భూమిని అంటిపెట్టుకొనియున్నవి. కుంఫిణీ అధికారియైన కర్నల్ మెకంజీ కావలి సోదరుల సహాయముతో సేకరింపించిన గ్రామవృత్తాంతములలో, అనగా కైఫీయతులలో, కరణముల వంశక్రమములు కనబడుటకు కారణము వారి మిరాశీహక్కు. 1858 పిమ్మట ఇనాం కమిషనువారు వ్రాయించిన రిజిస్టర్లలో ఇనాందారుల పేర్లు, వారి వారసుల పేర్లు ఉండుటకు కారణము పన్ను. భూమి గలవానికి పేరున్నది. పాలేరునకు, కూలికి, నేతగానికి ఆ పుస్తకములలో చోటు అరుదు.

ఈ విచారమే మనసున మెదలుచుండగా, ఆఫ్రికా సంతతికి చెందిన అమెరికనుల వంశశోధనను గూర్చిన ప్రసంగములు వింటిని. 1850, 1860 జనాభా లెక్కలలో బానిసల పట్టికలు వేరుగా ఉండెను. వానిలో యజమాని పేరు క్రింద వయస్సు, లింగము, వర్ణము మాత్రము వ్రాసి, మనిషి పేరును సామాన్యముగా విడిచిపెట్టిరి. బానిసత్వము రద్దైన పిమ్మట వచ్చిన 1870 జనాభా లెక్కలలోనే వారందరికి ఇంటిపేరుతోకూడ పేర్లు కలిగినవి. అందుచేత ఆ సంవత్సరమును వారు అడ్డుగోడ అందురు. ఆ గోడకు ఆవలివైపును చూచుటకు ఉపకరించునవి అమెరికా అంతర్యుద్ధము ముగియువేళ విముక్తులైన జనుల పోషణకై ఏర్పడిన ప్రభుత్వ శాఖవారి కాగితములు: కూలి ఒప్పందములు, ఆసుపత్రి పుస్తకములు, తప్పిపోయిన బిడ్డలకొరకు తల్లులు చెప్పి వ్రాయించుకొన్న జాబులు. వేలకొలది స్వచ్ఛంద సేవకులు 2015, 2016 సంవత్సరములలో ఆ పుటలను చదివి దాదాపు 18 లక్షల పేర్లను సూచికగా కూర్చిరి. ఎవ్వరి పూర్వులో తెలియని పేర్లను, వారి వారసులెవ్వరో వెదకికొన వత్తురని కూర్చుండి పొందుపరచుటకంటె గొప్ప పరోపకారము నేను ఎరుగను.

మన తెలుగువారికి ఇట్టి కథ ఒకటి ఉన్నది. 1834 నుండి మారిషసునకు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు, తరువాత ఫీజీకిని చెరకుతోటలలో పనిచేయుటకు గడువు ఒప్పందముపై పోయిన కూలీలలో విశాఖపట్టణము, గంజాం, గోదావరి జిల్లాలవారు అనేకులు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరే మారిషసులో తెలుగువానికి పేరైనది. మదరాసునుండి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బను చేరిన 'ట్రురో' ఓడలో 342 మంది ఉండిరి. ఓడ ఎక్కిన ప్రతి మనిషికిని అధికారులు ఒక సంఖ్య వేసి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, పొడవు, ఒంటిమీది మచ్చలు వ్రాసిరి. మారిషసులో కొందరి ఛాయాచిత్రములును తీసిరి. మారిషసు పత్రములను అక్కడి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ భద్రపరచుచున్నది.

ఆ పత్రములను వ్రాసినవానికి ఆ మనిషిమీద ప్రేమ లేదు. తోటనుండి పారిపోయినచో పట్టితెచ్చుటకు కనుబొమమీది గాటు గుర్తుగా వ్రాసినాడేగాని, ఆ గాటు ఏ చింతచెట్టునుండి పడినప్పుడు తగిలినదో అడుగలేదు. అయినను నేడు ఆ కూలీ మునిమనుమరాలికి తన ముత్తాత ఎంత పొడవుండెనో తెలియును, అతని తండ్రి పేరు తెలియును, ఊరు తెలియును. ఆ ముత్తాతకు ఊరిలో నిలిచిపోయిన తమ్ముడొకడుండినచో, ఆ తమ్ముని పేరు లోకమున ఎక్కడను లేదు. పుట్టినగడ్డను విడువనివాడు కాగితమునకెక్కలేదు, సముద్రము దాటి కష్టములపాలైనవాడు ఎక్కెను. మనల పొగడువారు వ్రాసినదానికంటె మనల కాపలాకాయువారు వ్రాసినది సత్యమునకు దగ్గరగా ఉండుట ఎంత బాధాకరమైనను, వంశశోధకుడు ఈ సంగతిని అంగీకరించి ఆ కాగితములయొద్దకు పోవలసియున్నది.

ఇక స్త్రీల మాట. మా ఇంట తర్పణములలో తల్లి, పితామహి, ప్రపితామహి పేర్లు చెప్పుదురు. మాతామహుల వంకను మూడు తరములు చెప్పుదురు. మహాలయపక్షమున కారుణ్య పితరులని అత్తమామలకు, గురువునకు, స్నేహితునకుసైతము నీళ్ళు విడుతురు. ఇంత విశాలమైన స్మరణ ఏ కాగితమునందును లేదు. అయినను ప్రపితామహి పేరు మా గోత్రముతోనే పలుకబడును; ఆమె పుట్టినింటిపేరు ఏదో మంత్రము అడుగదు. మా మేనత్తగారిని ఫోనులో అడిగితిని. "ఇంటిపేరు నాకేం తెలుసురా! మామ్మ పుట్టింటివాళ్ళు సంక్రాంతికి పడవెక్కి గోదావరి దాటి వచ్చేవారు. మామిడితాండ్ర తెచ్చేవారు. అంతవరకే గుర్తు" అన్నది. పడవ, తాండ్ర: సభలో చెప్పిన పరోక్ష సాక్ష్యమనగా ఇదియే. తాండ్ర అనగానే ఆత్రేయపురము తట్టును గాని, తాండ్ర ఇంకెక్కడనైన కొని తేవచ్చును. కావున ఆ మాటను ఆమె చెప్పినట్లు, చెప్పిన తేదీతో వ్రాసి, ఎదుట 'నిర్ణయము కాలేదు' అని ఉంచితిని.

మరల సభ సంగతికి వత్తును. మన వంశపట్టికను ఫ్యామిలీసెర్చ్ వారి జాలస్థలమున పొందుపరచినచో, సభకు వచ్చినవారిలో మనకు దూరపు చుట్టములెవరో అది చూపును. ఐరోపా సంతతివారికి అట్టి చుట్టములు వేలలో కనబడుదురట. మన కుటుంబములు అందు మిక్కిలి తక్కువగా నమోదైయుండుటచే నాకు ఎవ్వరును కనబడలేదు. చుట్టము కాకున్నను ఒక పరిచయము మాత్రము లభించినది. గడువు కూలీల పత్రములను గూర్చిన ప్రసంగమైన పిమ్మట, డర్బనునుండి ఒక ఆమె సంభాషణపు గడిలో ఒక ప్రశ్న వ్రాసినది. తెలుగు మాట్లాడు ముత్తాత పత్రమున గ్రామము 'కొత్తపల్లి' అని ఉన్నది, అది ఎక్కడ? ప్రతి జిల్లాలోను కొత్తపల్లులు అనేకములున్నవని వినినప్పుడు ఆమె నిరాశచెందలేదు. పత్రపు ప్రతిని పంపినది. జిల్లా విశాఖపట్టణము. తాలూకా పేరును దొర చెవికి వినబడినట్లు వ్రాసిన గుమాస్తా మొదటి అక్షరముమీద సిరా ఒలికించినాడు. మిగిలిన అక్షరములు పాత తాలూకాలలో రెంటికి సరిపోవుచున్నవి. ఆ రెండు తాలూకాలలోని కొత్తపల్లుల జాబితా వ్రాసికొని, ఏ ఊర ఏ కులమువారు ఎక్కువగా ఉండెడివారో పాత గ్రామపు లెక్కలలో చూచుచున్నాను. ఆ ప్రాంతపు పాఠకులలో ఎవరింటనైన, తాతల కాలమున నేటాలునకు పోయి తిరిగిరాని అన్నదమ్ముని ముచ్చట చెప్పుకొనుట ఉన్నచో, ఊరి పేరు, ఇంటిపేరు, ఆ మాట చెప్పినవారి పేరు వ్రాసి ఈ పత్రిక చిరునామాకు పంపవలసినదిగా కోరుచున్నాను.