కార్తె చూసి కత్తెర

నంద్యాలలో పూలచెట్ల కొమ్మలు కొట్టించే ముహూర్తం చాలా ఇళ్లలో మనుషుల అవసరాన్ని బట్టి వస్తుంది. ఉగాదికి గోడలకు రంగు వేయించాలి, లేదా పెళ్లికి వాకిట్లో షామియానా వేయాలి. మచ్చుకత్తి పట్టుకున్న మనిషి వస్తాడు, గంటలో పని ముగిస్తాడు. వాకిలి వెలుతురవుతుంది, చెట్టు మోడవుతుంది. అప్పటికి చైత్రం. ముందుంది అసలు ఎండ.

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు. నల్లమల కొండలకు, ఎర్రమల కొండలకు మధ్యన పరుచుకున్న ఈ నల్లరేగడి మైదానంలో ఆ మాట అతిశయోక్తిలా అనిపించదు. నేల చేతులు పట్టేంత వెడల్పున నెర్రెలిస్తుంది. ఆకుల నీడలో ఏళ్లతరబడి పెరిగిన లోపలి కొమ్మల బెరడు పల్చగా, మెత్తగా ఉంటుంది. పైన ఉన్న గొడుగును ఒక్కసారిగా తీసేస్తే పడమటి ఎండ నేరుగా దాని మీద పడుతుంది. బెరడు మాడి, చీలి, ఆ చీలికలోంచి పురుగూ బూజూ దిగుతాయి. చాలామంది దీనికి తెగులు పేరు పెట్టి మందు కోసం వెతుకుతారు. రోగం మచ్చుకత్తితో వచ్చిందని ఎవరూ అనుకోరు.

పెరట్లో నాలుగు చెట్లు పెంచిన పాతకాలం వాళ్లు కత్తెర పట్టేముందు ఒక ప్రశ్న వేసుకునేవారు: ఈ చెట్టు పువ్వు ఎక్కడ పెడుతుంది? కొత్త ఇగురు చివరనా, నిరుడు ముదిరిన కొమ్మ మీదనా? తోటపని పుస్తకాల్లోని కత్తిరింపు పాఠమంతా దాదాపు ఈ ప్రశ్నలోనే ఉంది. కొత్త ఇగురున పూసే చెట్టును, ఆ ఇగురు రావడానికి ముందే కత్తిరించాలి. పాత కొమ్మన పూసే చెట్టును, పూత అయిపోయాక కత్తిరించాలి. ఈ రెండూ తారుమారైతే చెట్టు చచ్చిపోదు కానీ ఆ ఏడాది పువ్వు కనిపించదు.

కొమ్మ తుంచితే పక్క ఇగుర్లు ఎందుకొస్తాయో ఈ ప్రాంతపు రైతుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి బయటికొచ్చిన నరసింహ పత్తిని ఒకప్పుడు ఊరూరా వేసిన నేల ఇది. పత్తి ఏపుగా పోతుంటే తల తుంచడం, చామంతి మొక్కగా ఉన్నప్పుడే కొన గిల్లడం ఇక్కడ చేతికి అలవాటైన పనులు. కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే రసాయనాన్ని కిందికి పంపుతూ, పక్క మొగ్గలను నిద్రపుచ్చుతుంది. కొస పోగానే ఆ అదుపు తొలగిపోతుంది, నిద్రలో ఉన్నవి లేస్తాయి. పూజకు నందివర్ధనం కోసేటప్పుడు పువ్వుతో పాటు బెత్తెడు రెమ్మ కూడా తుంచే ఇళ్లలో చెట్టు గుబురుగా ఉండటానికి కారణం ఇదే. పేరు పెట్టని కత్తిరింపు రోజూ జరుగుతూనే ఉంటుంది.

మందారం, నందివర్ధనం, గన్నేరు, పచ్చగొట్ల, కాగితంపూలు, ఇవన్నీ కొత్త ఇగురున పూసేవే. వీటికి వానలు వెనకబట్టాక, చిత్త, స్వాతి కార్తెల మధ్య, అంటే అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారం లోపల కత్తెర వేస్తే బాగుంటుంది. నేలలో తడి ఉంటుంది, ఎండ కసి తగ్గి ఉంటుంది. మూడో వంతుకు మించి తీయకూడదు. మందారం రెండు రెండున్నర నెలల్లో మళ్లీ మొగ్గ తొడుగుతుంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలకు ఈ లెక్క మరీ బాగా కుదురుతుంది. కనుమ నాటి నుంచి అహోబిలం స్వామి పారువేటకు బయలుదేరి, నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు. పల్లకి తమ ఊరికి వచ్చే వేళకు పెరట్లో పువ్వు ఉండాలంటే కత్తెర పని స్వాతి కార్తె దాటకూడదు.

పారిజాతం కూడా కొత్త ఇగురునే పూస్తుంది, కానీ దాని పంచాంగం వేరు. వానాకాలం చివర మొదలై శీతాకాలం తొలిరోజుల దాకా రాలుతుంది. తొలకరికి ముందు "కాస్త శుభ్రం చేద్దాం" అని జూన్‌లో నరికేవాళ్లు, ఆశ్వయుజంలో చెట్టు కింద చాప పరిచి ఎదురుచూస్తారు. దానికి సరైన కాలం పూత పోయి, కాయలు ఎండాక వచ్చే జనవరి, ఫిబ్రవరి. అప్పటికి ఎండ ముదరదు. కొత్త రెమ్మలు ఏర్పడటానికి చేతినిండా నెలలుంటాయి.

దేవకాంచనం దగ్గర పుస్తకానికీ ఊరికీ పేచీ వస్తుంది. అది మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, నిరుటి రెమ్మల మీద పూస్తుంది. పూత అవగానే కత్తిరించమంటుంది పుస్తకం. ఆ "అవగానే" నంద్యాలలో సరిగ్గా మార్చి ఆఖరుకు వచ్చి పడుతుంది. అంటే మొదట చెప్పుకున్న తప్పు కాలానికే. ఇక్కడ ఊరి అనుభవం వైపే మొగ్గాలి. పూత అయ్యాక లేత కాయలను, ఎండు పుల్లలను మాత్రం తీసేసి, పెద్ద కోత మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాక పెట్టుకోవాలి. జూన్ నుంచి నాలుగు నెలలు పెరిగిన రెమ్మ వచ్చే ఏటి పూతకు చాలుతుంది. రేల, తురాయి ఎటూ ఎండాకాలమంతా పూసి జూన్‌కు ముగిస్తాయి కాబట్టి వాటి విషయంలో తగాదా లేదు.

ఇంటి మల్లెకు వేరే శిక్షణ ఉంది. నవంబరు నుంచి నీళ్లు మానేసి ఎండగడతారు. తోటల్లో అయితే ఆకు దూస్తారు, కొన్నిచోట్ల గొర్రెల మందను వదిలి మేపిస్తారు. ఆపైన రెమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, నీళ్లు పెడితే ఎండలు మొదలయ్యేసరికి మొగ్గలు దిగుతాయి. నీళ్లు ఆపడం కూడా ఒకరకంగా కోతేనని మల్లె రైతుకు ఎప్పటినుంచో తెలుసు.

ఇక కోసే తీరు. ఆళ్లగడ్డ శిల్పి ఉలి ఆనించే ముందు రాయిని అన్ని వైపుల నుంచీ చూసుకున్నట్టు, చెట్టు చుట్టూ ఒక తిరుగు తిరగాలి. ఎండినవి, ఒకదానికొకటి రాసుకుంటున్నవి, లోపలికి తిరిగినవి, గూడు ఉన్నవి గుర్తుపెట్టుకోవాలి. గూడు ఉన్న కొమ్మను పిల్లలు ఎగిరిపోయేదాకా వదిలేయాలి.

మణికట్టు లావు కొమ్మ ఒకటి తీయాలనుకుందాం. మచ్చుకత్తి పక్కన పెట్టి చేతిరంపం అందుకోవడం మేలు, ఎందుకంటే కత్తి దెబ్బకు పుల్ల చీలుతుంది. కొమ్మ మానును కలిసే చోట బెరడు ముడతలు పడి, కొద్దిగా ఉబ్బి కనిపిస్తుంది. కళ్లకు ఆనకపోయినా చేత్తో తడిమితే తెలుస్తుంది. ఆ ఉబ్బుకు జానెడు దూరంలో కొమ్మ అడుగువైపు నుంచి మొదటి గాటు పెట్టాలి, మూడో వంతు లోతు. దానికి రెండంగుళాలు అవతల పైనుంచి రెండో కోత. సగం దిగేసరికి కొమ్మ బరువుకు వంగి విరుగుతుంది, కింద గాటు ఉంది కనుక చీలిక అక్కడే ఆగుతుంది. ఆ గాటు పెట్టకపోతే కొమ్మ పడుతూ పడుతూ మాను మీది బెరడును కూడా మూరెడు పొడవున పట్టుకుపోతుంది. చివరగా మిగిలిన మొద్దును ఉబ్బు అంచు దగ్గర, ఉబ్బును తాకకుండా కోసేయాలి. మానుకు సమంగా చెక్కేస్తే నున్నగా, అందంగా కనిపిస్తుంది గానీ గాయం మూసుకునే శక్తి ఆ ఉబ్బులోనే ఉంటుంది. అలాగని బెత్తెడు మొద్దు వదిలేసినా అది కుళ్లి లోపలికి దారి చేస్తుంది.

కోసిన చోట పేడా ఎర్రమన్నూ కలిపి మెత్తడం మన పల్లెల పద్ధతి. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. జబ్బుపడిన భాగాన్ని ముందు శస్త్రంతో తొలగించి, వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపిన లేపం పూయమన్నాడు. అమెరికా అటవీ సర్వీసులో పనిచేసిన అలెక్స్ షిగో 1970లలో వేల చెట్లను నిలువునా కోసి చూసి ఇంకో మాట చెప్పాడు. చెట్టు గాయం మనిషి గాయంలా మానదు, చెట్టు ఆ భాగానికి లోపల గోడలు కట్టి వేరు చేస్తుంది, పైపూత వల్ల ఆ పని వేగమేమీ కాదు అని. అందుకే ఇప్పుడు చాలా దేశాల్లో చిన్న కోతలకు ఏమీ పూయరు. మన వాన, తేమ రోజుల్లో బూజు భయం ఉంటుంది కాబట్టి ఉద్యాన శాఖల వాళ్లు పెద్ద కోతలకు బోర్డో పేస్టు చెబుతూనే ఉన్నారు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. పేడమట్టితో నష్టం పెద్దగా లేదు, కానీ అది పూశాం కదా అని కోతను ఎలా పడితే అలా కోయడం మాత్రం వరాహమిహిరుడు కూడా ఒప్పుకోడు. మానుకు సున్నం కొట్టడం మాత్రం నిజంగా పనికొచ్చే అలవాటు. తెలుపు ఎండను తిప్పికొట్టి బెరడును కాపాడుతుంది.

అసలు ముట్టుకోకూడని చెట్లు కూడా ఉన్నాయి. పొగడ తనంతట తనే గుండ్రంగా గొడుగు పడుతుంది. నిదానంగా పెరిగే ఆ చెట్టుకు ఎండుపుల్లలు తీయడం తప్ప వేరే సేవ అక్కర్లేదు. సంపెంగ పెద్ద కోతను ఓర్చుకోలేదు. అంటు సంపెంగ అయితే చిన్నప్పుడే కొనలు గిల్లుతూ ఎత్తు అదుపులో పెట్టుకోవాలి, అంటు కింది నుంచి వచ్చే రెమ్మలను కనిపించినప్పుడల్లా తీసేయాలి. దేవగన్నేరు కొమ్మల కొసలనే పూస్తుంది కనుక ఊరకే కొసలు కొడితే ఆ ఏటి పువ్వంతా పోతుంది. మరీ అడ్డమొస్తే పుష్యంలో ఆకు రాలి ఉన్నప్పుడు కోసి, ఆ ముక్కను వారం పదిరోజులు నీడన ఆరబెట్టి నాటితే ఇంకో చెట్టవుతుంది.

తురాయి గురించి ఒక్క మాట. కరెంటు తీగల కింద దాన్ని ఏటా తలనరకడం వీధుల్లో అలవాటైపోయింది. నరికిన తలలోంచి వచ్చే గుంపు కొమ్మలు పైపైన అతుక్కున్నట్టు పుడతాయి, తొలకరి ముందరి గాలివానకు అవే ముందు విరుగుతాయి. మడగాస్కర్ నుంచి వచ్చిన ఈ చెట్టుకు కొయ్య పెళుసు, వేళ్లు పైపైనే ఉంటాయి. రెండు సెంట్ల జాగాలో దాన్ని నాటకపోవడమే కత్తిరింపు. నాటేశాక కొట్టేయాలంటే 2002 నాటి నీరు, భూమి, వృక్షాల చట్టం ప్రకారం అనుమతి అడగాల్సి వస్తుంది.

కోసిన రెమ్మలు ఎక్కడికి పోతాయన్నది రాయలసీమలో చిన్న ప్రశ్న కాదు. ఇక్కడ పచ్చిమండ ఏదైనా ముందు మేకల దగ్గరికే వెళ్తుంది. మందారం, దేవకాంచనం రెమ్మలు అవి ఇష్టంగా తింటాయి. మిగిలిన ఆకు చెట్టు పాదులో మందంగా పరిస్తే రేగడి నెర్రెలు తగ్గుతాయి. కానీ గన్నేరు, పచ్చగన్నేరు రెమ్మలను విడిగా పెట్టి, పశువు నోరు చేరని చోట పూడ్చాలి. వాటిలో గుండెను ఆపగల విషం ఉంది, కొమ్మ ఎండినా అది పోదు. తగలబెడితే ఆ పొగ కూడా మంచిది కాదు. కోసినవాళ్లు చేతులు, రంపం కడుక్కున్నాకే అన్నానికి కూర్చోవాలి.