షేఖ్ జైనుద్దీన్ పక్షి చిత్రాలు

మొగల్ చిత్రకళ జహంగీర్ పాదుషా కాలంలో ఉచ్చస్థితికి చేరి, ఆ తర్వాత క్రమంగా క్షీణించిందని చెప్పడం పరిపాటి. 1777 నుంచి 1782 వరకు కలకత్తాలో షేఖ్ జైనుద్దీన్ నీటిరంగులతో వేసిన పక్షి చిత్రాలను చూసినవారు ఈ అభిప్రాయాన్ని సవరించుకోక తప్పదు.

కలకత్తా సుప్రీంకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపీ. ఆయన భార్య మేరీ ఇంపీ తన తోటలో అనేక పక్షులను, జంతువులను పెంచేది. వాటిని చిత్రించడానికి జైనుద్దీన్, భవానీదాస్, రామ్‌దాస్ అనే ముగ్గురు పాట్నా చిత్రకారులను నియమించింది. వారు వేసిన చిత్రాలు మూడు వందలకు పైబడి ఉన్నాయి. వాటిలో పక్షులవే అధికం. 1810లో లండన్‌లో వేలం వేయడంతో అవి చెల్లాచెదురైనాయి. నేడు కొన్ని లండన్‌లోని లినియన్ సొసైటీలోను, కొన్ని అమెరికాలోని మినియాపొలిస్ కళాసంగ్రహాలయంలోను, మరికొన్ని ఇతర చోట్ల భద్రంగా ఉన్నాయి.

ప్రాణుల చిత్రణ విషయంలో ఉలమాల అభిప్రాయాలు పాఠకులకు విదితమే. ఇక్కడ పరిశీలించదగినది ఈ పనితనం, దాని కర్తకు దక్కిన స్థానం.

పెద్ద ఇంగ్లీషు కాగితం, వీలైనంతవరకు పక్షి అసలు పరిమాణం, ప్రకృతిశాస్త్రానికి పనికివచ్చే స్పష్టత: ఇవి ఇంగ్లీషువారి అభిరుచికి తగినవి. ఈకను ఈకగా, గోరును గోరుగా పరిశీలించే ఓర్పు మాత్రం జహంగీర్ ఆస్థానంలో ‘నాదిరుల్ అస్ర్’ బిరుదు పొందిన ఉస్తాద్ మన్సూర్ బాటలోనిది. 1780 నాటి ఒక చిత్రంలో గోరింక రేగుకొమ్మ మీద వాలి ఉంటుంది. అదే కొమ్మపై దసలి పట్టుపురుగు, దాని గూడు, చిలుకలు కూడా కనిపిస్తాయి. దసలి పురుగు రేగు ఆకులు తిని బతుకుతుంది. కాబట్టి ఆ కొమ్మ అలంకారం కోసం వచ్చింది కాదు. ఒక జీవి మరొక జీవికి ఆధారమన్న సత్యాన్ని అది చూపుతుంది. గంధపు కొమ్మపై వాలిన పాలపిట్టను చూస్తే తెలుగువారు తమ ఊరి పక్షినే గుర్తుపడతారు. ఒక లోపం లేకపోలేదు. చాలా చిత్రాలలో వెనుక నేల, నీరు, ఆకాశం ఉండవు. తెల్లకాగితం మీద పక్షి తన చోటికి దూరమై ఒంటరిగా నిలుస్తుంది.

ఇక కర్త సంగతి. అనేక చిత్రాల అడుగున ఇవి లేడీ ఇంపీ సేకరణలోనివని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. చిత్రకారుని పేరు ఫార్సీ లిపిలో ఉంటుంది. ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారికి యజమానురాలు తెలుస్తుంది, చిత్రకారుడు తెలియడు. శాస్త్రంలోనూ ఇదే జరిగింది. హిమాలయాల మోనాల్ పక్షికి జాన్ లేథమ్ 1790లో ఇచ్చిన లాటిన్ నామం ‘ఇంపెజానస్’ ఇంపీ పేరునే మోస్తున్నది. ఈ చిత్రాల సంపుటికి నేటికీ వాడుకలో ఉన్న పేరు ‘ఇంపీ ఆల్బమ్’. 2019లో లండన్ వాలెస్ కలెక్షన్‌లో ప్రారంభమైన ప్రదర్శన ఈ చిత్రకారుల పేర్లను ముందుకు తెచ్చింది. అప్పటికి రెండు శతాబ్దాలు దాటిపోయాయి.

జైనుద్దీన్ పేరును ఎవరూ చెరిపివేయలేదు. అది కాగితం మీద మొదటినుంచీ ఉంది, చదివేవారే కరవైనారు. మదరసాలలో ఫార్సీ చదువు సన్నగిల్లుతున్న ఈ రోజులలో ఇది కేవలం చిత్రకళకు సంబంధించిన విషయం కాదు. ఇలాంటి సంతకాలు ఇంకా ఎన్ని గ్రంథాలయాలలో పాఠకుని కోసం ఎదురుచూస్తున్నాయో వెతకడం ఆ లిపి నేర్చినవారి బాధ్యత.