చేప కాని చేప

కావలసిన మాట దొరికాక కూడా నిఘంటువు మూయబుద్ధి కాదు నాకు. ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో చూడందే తోచదు. ఈ వారం అలా చిక్కింది క్రేఫిష్.

అమెరికాలో మనవాళ్లు మసాలా వేసి ఉడికించుకుని, ఫొటోలు పంపుతుంటారే, ఎర్రగా, పెద్ద రొయ్యలా ఉండేది, అదే. అది మంచినీటిది. ఆస్ట్రేలియాలో సముద్రపు లాబ్‌స్టర్‌నూ ఈ పేరుతోనే పిలుస్తారు. ఎక్కడిదైనా దానికి వెన్నెముక లేదు, పొలుసు లేదు. మరి ఫిష్ ఎలా అయింది?

అవలేదు. పాత ఫ్రెంచిలో దాని పేరు క్రెవీస్. పీతను చెప్పే క్రాబ్‌కు దూరపు చుట్టం. చివరి ‘వీస్’ ఇంగ్లిష్ చెవికి అంతుపట్టలేదు. నీళ్లలో ఉండేదేగా, ఫిష్ అయ్యుంటుందనుకున్నారు. 16వ శతాబ్దానికల్లా రాతలోకీ ఫిష్ వచ్చి కూర్చుంది. చూడ్డానికి సమాసమే గానీ, తెలుగు మాస్టారు విగ్రహవాక్యం చెప్పమంటే ఎవరైనా నీళ్లు నమలాల్సిందే. ‘క్రే’కు అర్థం లేదు మరి.

స్టార్‌ఫిష్, జెల్లీఫిష్ అలాంటివి కావు, తెలిసే కట్టారు. అప్పట్లో నీళ్లలో బతికేదేదైనా వాళ్లకు ఫిష్షే. మనకు రొయ్య రొయ్యే, పీత పీతే. జెల్లీ చేప అని పత్రికల్లో చూసినప్పుడల్లా నాకు పంటికింద రాయి పడుతుంది.

ఇంగ్లిష్ చెవి ప్రతిసారీ ఇలా పొరబడలేదు. ప్రకృతి పరిశోధకుడు ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు 1803లో అచ్చేసినప్పుడు, జాలర్ల నోట విన్న తెలుగు పేర్లు పట్టుకెళ్లాడు. అందులోని కానగుర్తను ఫ్రాన్సులో జంతుశాస్త్రవేత్త కువియే 1816లో శాస్త్రీయనామంలో పెట్టాడు. ఇవాళ్టికీ అది రాస్ట్రెల్లిగర్ కనగుర్త. మా చెరువుల్లోనూ పడే వాలుగ ‘వల్లాగో’ అయింది.

ఇంతా చెప్పి మా ఊరి పేరు వదిలేస్తే ఎలా? ఓరుగల్లును ఒంటిరాయిగా విడదీసి ఏకశిలానగరం అన్నారు. కోటలో ఆ గుట్ట ఉండనే ఉంది. ఢిల్లీ చరిత్రకారుల పార్సీ రాతల్లో అరంగల్. 1323లో ఢిల్లీ సేనల చేతిలో కోట పడ్డాక పెట్టిన సుల్తాన్‌పూర్ పేరు నిలవలేదు. చివరికి మిగిలిన వరంగల్‌లో ‘వరం’ ఉందని మా టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన వాదన. క్రేఫిష్ కథ మొత్తం చెప్పాను. ఓపిగ్గా విని, “గదంతా మంచిగనే ఉంది సారూ, మరి ఓరు అంటే ఏంది?” అన్నాడు. తమిళంలో ఒకటి అని మొదలుపెట్టేలోపే, “మన ఊరి పేరుకు తమిళమెందుకు?” అని గ్లాసు కింద పెట్టి లేచాడు.