రౌద్రం కడుపున పుట్టిన కరుణ: క్రీ.శ. 1010

క్రీ.శ. 1010లో సంఘటనలకు కొదవ లేదు. వియత్నాంలో లీ వంశ మూలపురుషుడు లీ థాయ్ తో కొండల నడుమ ఉన్న హోవా లూను విడిచి, ఎర్రనది మైదానంలో థాంగ్ లాంగ్ అనే కొత్త రాజధానికి మారాడు. ఇవాళ్టి హనోయ్ అదే. ఖితాన్ చక్రవర్తి కొరియా మీద విరుచుకుపడ్డాడు. స్పెయిన్‌లో, కార్డోబా పక్కన ఖలీఫాలు ముచ్చటపడి కట్టించుకున్న మదీనత్ అల్ జహ్రా నగరం అంతర్యుద్ధంలో దోపిడీ పాలైంది. జపాన్‌లో ఫుజివారా నో కొరెచికా కన్నుమూశాడు. సేయ్ షోనాగాన్ తన ‘దిండు పుస్తకం’లో అందంగా నిలిపిన రాజబంధువు ఆయన. జర్మనీలోని హిల్డెస్‌హైమ్‌లో సెయింట్ మైకేల్ చర్చికి పునాది పడింది.

రాజధానులు లేవడం, కూలడం, పెద్దవాళ్ళు వెళ్ళిపోవడం ఏ ఏడాదికైనా ఉండేవే. ఈ ఏడాది దగ్గర నా మనసును కట్టిపడేసినవి రెండు. ఆ మార్చి 8న ఖురాసాన్‌లోని తూస్‌లో ఫిరదౌసి అనే ముసలి కవి తన పారసీక కావ్యం షానామాను ముగించాడు. ఆ తేదీని కావ్యం చివర తానే చెప్పుకున్నాడు. కొద్ది వారాలకే తంజావూరులో రాజరాజ చోళుడు, తన పాలనలో 25వ ఏడు 275వ రోజున, బంగారు రేకు తొడిగిన రాగి కలశాన్ని తాను కట్టించిన గుడి శ్రీవిమానం మీద నిలపమని ఇచ్చాడు. ఆ సంగతి గుడి శాసనంలో ఉంది. కవికి రాజు తెలియడు, రాజుకు కవి తెలియడు. ఒకే వసంతంలో రెండు మహానిర్మాణాలు శిఖరానికి చేరాయి.

ఒకటి విజేత కట్టించిన గుడి, రెండోది ఓడిపోయిన దేశపు రాజుల కథ. రెండిటికీ పునాది వీరమే. వీరం నుంచి అద్భుతం, రౌద్రం నుంచి కరుణ పుడతాయని భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పాడు. దానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు సరిగ్గా ఈ కాలంలోనే కాశ్మీరంలో ఉన్నాడు. భరతుడి మాటకు ఇంతకన్నా నిండైన ఉదాహరణలు నాకు మరెక్కడా దొరకలేదు. తంజావూరు విమానాన్ని బయటనుంచి చూస్తే వీరం అద్భుతమవుతుంది. లోపలికి వెళితే రౌద్రం కరుణ అవుతుంది.

బయటి అద్భుతం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 200 అడుగులకు పైబడిన ఎత్తు, పదమూడు అంతస్తులు, చుట్టుపక్కల నల్లరాయి దొరకని డెల్టా నేల మీద అంత రాయి. దీని నీడ నేలమీద పడదని గైడ్లు చెబుతూ ఉంటారు. పడుతుంది. పైన ఉన్నది 80 టన్నుల ఏకశిల అని కూడా అంటారు. అవి కొన్ని రాళ్ళ కూర్పు అని పరిశీలించినవాళ్ళు చెప్పారు. ఈ కబుర్లు ఆ గుడి గొప్పతనాన్ని పెంచేవి కావు, కళ్ళను దారి తప్పించేవి. విమానం అందమంతా దాని అంచు గీతలో ఉంది. ఎక్కడా వంపు తిరగదు, తొట్రుపడదు. పునాది నుంచి శిఖరం దాకా ఒకే నిర్ణయంతో పైకి పోతుంది. పెరుంతచ్చన్ కుంజరమల్లన్ అనే స్థపతి పేరు శాసనంలో మిగిలింది కాబట్టి, ఆ నిర్ణయం ఎవరిదో మనం పేరు పెట్టి చెప్పుకోగలం.

లోపల, గర్భగుడి చుట్టూ ఇరుకైన చీకటి ప్రదక్షిణమార్గం ఉంది. 1931లో అన్నామలై విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.కె. గోవిందస్వామి అక్కడి గోడల మీద, పై పొర రాలిన చోట, అడుగున మరో చిత్రం ఉన్నట్టు కనిపెట్టాడు. పై పొర నాయకరాజుల కాలంనాటిది. అంటే తంజావూరును ఏలిన మన తెలుగు రాజుల కాలంలో, చోళుల చిత్రాల మీద సున్నం పూసి కొత్త బొమ్మలు వేశారు. పాతవాటిని చెరపలేదు, కప్పారు. ఆ కప్పడమే వాటిని కాపాడింది.

అక్కడ బయటపడిన చిత్రాల్లో త్రిపురాంతకుడి బొమ్మ ఒక్కటి చాలు ఆ ఏడాదిని నిలబెట్టడానికి. రథం మీద ఎనిమిది చేతుల శివుడు. సారథి బ్రహ్మ. వెంట సింహం మీద కాళి, నెమలి మీద కుమారస్వామి, ఎలుక మీద వినాయకుడు. ఇటువైపు దేవసైన్యమంతా కదిలి వస్తోంది. ఎదుట రాక్షసులు పళ్ళు పటపటలాడిస్తూ, ఆయుధాలెత్తి, తలవంచకుండా నిలబడ్డారు. చూపు ఒక్కసారిగా వాళ్ళ దగ్గర ఆగిపోతుంది. వాళ్ళ నడుములకు, భుజాలకు చుట్టుకుని వాళ్ళ ఆడవాళ్ళున్నారు. ఒద్దని ఆపుతున్నారు, ఏడుస్తున్నారు. మగవాళ్ళ చూపులు శత్రువు మీద, ఆడవాళ్ళ చూపులు మగవాళ్ళ మీద.

ఆలోచించండి. ఇది త్రిపురాలను గెలిచిన దేవుడి కథ. కట్టించినవాడు అనేక దేశాలను గెలిచిన రాజు. ఈ గోడ మీద శత్రువుల భార్యల కన్నీళ్ళు చూపమని ఏ శాస్త్రం అడిగింది? గెలుపును చిత్రిస్తూ చిత్రకారుడు ఓడబోయేవాడి ఇంట్లోకి తొంగిచూశాడు. సర్రున సాగే ఆ సన్నని ఎర్ర గీతలో జంకు లేదు. దేవుడి విల్లును పట్టుకున్న పట్టుతోనే, రాక్షసస్త్రీ వేళ్ళను కూడా గీశాడు. వేళ్ళు భర్త కండలోకి దిగేంత గట్టిగా పట్టుకున్నాయి. భరతుడి మాటను శ్లోకంగా చదివినప్పుడు తలూపి ఊరుకుంటాం. ఈ వేళ్ళ ముందు అది అనుభవమవుతుంది.

పై అంతస్తులో మరో వింత ఉంది. నాట్యశాస్త్రంలోని 108 కరణాలను, అంటే నాట్యభంగిమలను, శివుడే చేసి చూపుతున్నట్టు రాతిలో వరుసగా చెక్కారు. నాలుగు చేతుల్లో రెండు నాట్యం చేస్తుంటే, మిగతా రెండు ఆయుధాలు పట్టి నిలుస్తాయి. 81 పూర్తయ్యాయి. మిగిలిన 27 రాళ్ళు చెక్కకుండా అలాగే ఉన్నాయి. రాజరాజు 1014లో పోయాడు. ఆ ఖాళీ రాళ్ళను లోపంగా చూడలేను. ముందున్న 81 నడకను చూసిన కంటికి, తరువాతి అడుగు ఎటు పడుతుందో ఆ ఖాళీలోనే కనిపిస్తుంది.

ఇక తూస్ కవి. పుట్టింది దాదాపు 940లో, సొంత భూమి ఉన్న కుటుంబంలో. రాజుల కథను తన కంటే ముందు మొదలుపెట్టి హత్యకు గురైన దఖీఖీ రాసిన వెయ్యి పద్యాలను తన కావ్యంలో పేరు చెప్పి మరీ చేర్చుకున్నాడు. ఆ వెయ్యి కలుపుకొని షానామా దాదాపు 50,000 ద్విపదలు. మొదలుపెట్టేనాటికి తూస్‌ను ఏలింది సామానీ రాజులు. ముగిసేనాటికి గజనీ మహమూద్. రాస్తుండగానే రాజ్యం మారింది, జుట్టు తెల్లబడింది, ఆస్తి కరిగింది. తనకు 65 ఏళ్ళప్పుడు 37 ఏళ్ళ కొడుకు పోయాడు. ఆ దుఃఖాన్ని కావ్యం మధ్యలోనే, రాజుల కథ ఆపి, చెప్పుకున్నాడు.

అన్ని యుద్ధాల మధ్య పారసీకులు గుండెలో పెట్టుకున్నది రుస్తుం సొహ్రాబుల కథ. తండ్రీకొడుకులు ఎదురెదురు సైన్యాల్లో, ఒకరినొకరు ఎరగకుండా తలపడతారు. మొదటి కుస్తీలో కొడుకే తండ్రిని పడగొడతాడు. ఒక్కసారి పడిన వాణ్ణి చంపడం మా ఆచారం కాదని రుస్తుం మాట మార్చి బతికిపోతాడు. మళ్ళీ తలపడినప్పుడు కొడుకును పడేసి, మళ్ళీ లేస్తాడేమోననే భయంతో వెంటనే కత్తి దింపుతాడు. ఆ తొందరలోనే ఫిరదౌసి ప్రతిభ అంతా ఉంది. లోకమంతా పొగిడిన వీరుడు, జీవితంలో మొదటిసారి భయపడి పొడిచాడు, పొడిచింది కన్నకొడుకును. చనిపోతూ సొహ్రాబు, నా తండ్రి రుస్తుం నిన్ను వదలడంటాడు. కవచం విప్పితే చేతి మీద తల్లి తహ్మీనా కట్టిన పూస. అది రుస్తుం ఇచ్చినదే. తంజావూరు గోడ మీది ఆడవాళ్ళ వేళ్ళు ఏ పని చేశాయో, ఇక్కడ ఆ పూస ఆ పని చేసింది. రౌద్రం మధ్యలో ఇల్లు గుర్తుకొచ్చింది.

తరువాత కొడుకును బతికించే మందు కోసం రుస్తుం తన రాజు దగ్గరికి కబురంపుతాడు. రాజు ఇవ్వడు. సొహ్రాబు పోయాక మందన్న మాట పారసీకులకు ఇవాళ్టికీ సామెత.

తెలుగువాళ్ళకు ఈ కవిని మనవాణ్ణి చేసింది గుర్రం జాషువా. ఆయన ‘ఫిరదౌసి’ 1932 నాటి కావ్యం. పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న మహమూద్ చివరికి వెండి పంపాడనే కథను ఆయన తీసుకున్నాడు. అది నూరేళ్ళు దాటాక నిజామీ అరూజీ రాసిన కథ. చరిత్రగా దానికి గట్టి ఆధారం లేదు. అయినా జాషువా ఎంపిక గురి తప్పలేదంటాను. కులం పేరిట సభల్లో అవమానం తిన్న కవికి, రాజసభలో అవమానం తిన్న కవి గుండె తెలుసు. ఫిరదౌసి రుస్తుం కొడుకు కోసం కార్చిన కన్నీటిని, జాషువా ఫిరదౌసి కోసం కార్చాడు.

మళ్ళీ తంజావూరు. గుడి గోడల శాసనాలు కొన్ని చేర, పాండ్య రాజులను ఓడించి తెచ్చిన ధనంతో చేసిన కానుకల్ని దాచకుండా చెబుతాయి. ఆ బంగారంలో ఎవరి ఇంటి ఏడుపులున్నాయో అనుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ శాసనాల్లోనే రాజరాజు ఆజ్ఞ ఒకటి ఉంది. తానిచ్చినవీ, అక్క ఇచ్చినవీ, రాణులు ఇచ్చినవీ, ఇంకెవరిచ్చినా అవీ, అన్నీ రాతి మీద ఎక్కించమన్నాడు. తన తరువాతి మాట రాణులది కాదు, అక్కది. ఆ వరుస చూసి ఎంతగా మురిసిపోయానో.

ఆ ఆజ్ఞ కానుకల దగ్గరే ఆగలేదు. ఇతర ఊళ్ళ గుళ్ళ నుంచి తెచ్చిన 400 మంది నాట్యకత్తెల పేర్లు ఒక్కొక్కటిగా చెక్కారు. ఏ వీధి, ఏ వరుస, ఎన్నో ఇల్లు, ఏ ఊరి ఏ గుడి నుంచి వచ్చింది, అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక వాటా, ఏడాదికి నూరు కలాల వడ్లు. దక్షిణ వీధి మొదటి ఇంట్లో తిరువయ్యారు గుడి నుంచి వచ్చిన నక్కన్ చేరమంగై. తిరువయ్యారు అంటే తరువాత ఎనిమిది వందల ఏళ్ళకు త్యాగరాజు తెలుగులో పాడిన ఊరు. వాళ్ళు ఇష్టపడి వచ్చారో, రాజాజ్ఞకు తలవంచారో రాయి చెప్పదు. పేరు మాత్రం పోనివ్వలేదు. నట్టువులు, పాటగాళ్ళు, మద్దెలవాళ్ళు, కుమ్మరులు, చాకళ్ళు కూడా ఆ రాతి మీద ఉన్నారు. రాజుల పేర్లతో నిండిన మధ్యయుగంలో చాకలి వాటాను కూడా అంత శ్రద్ధగా చెక్కిన గోడ నాకు కావ్యం లాగే కనిపిస్తుంది.

రాజరాజుతో తెలుగువాళ్ళకు చుట్టరికం కూడా ఉంది. ఆయన కూతురు కుందవ్వను వేంగి చాళుక్యుడైన విమలాదిత్యుడికి ఇచ్చారు. అతడికి 1011లో పట్టాభిషేకం. వాళ్ళ కొడుకు రాజరాజనరేంద్రుడు. నన్నయ భారతం మొదలుపెట్టింది ఆ మనవడి కొలువులోనే.

తంజావూరు వెళ్ళే తెలుగువాళ్ళకు ఒక్క మనవి. నీడ పడుతుందో లేదో చూడటానికి పొద్దు వృథా చేసుకోకండి. త్రిపురాంతకుడి అసలు చిత్రం ఉన్న ఇరుకు దారిలోకి మామూలుగా ఎవరినీ వదలరు కాబట్టి, మంచి ఫొటోలున్న పుస్తకం ఒకటి ముందే చూసి వెళ్ళండి. గోడ మీది అక్షరాలు చదవగలిగిన వాళ్ళు ఎవరైనా కనిపిస్తే, చేరమంగై పేరు ఎక్కడుందో అడిగి చూపించుకోండి.