పాటగత్తెల నవ్వు

రాముడి కొలువులో లక్ష్మణుడు ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. కొలువంతా ఉలిక్కిపడింది. అన్నను విడిచి వచ్చిన తనను చూసే నవ్వాడని విభీషణుడు అనుకున్నాడు. ఇంద్రజిత్తు చేతికి చిక్కిన సంగతి గుర్తొచ్చి నవ్వాడని హనుమంతుడు కుంచించుకుపోయాడు. పరాయి చోట ఉండి వచ్చిన భార్యను ఏలుకున్నందుకేనని రాముడికి కత్తి దూసేంత కోపం వచ్చింది. అసలు సంగతి వేరు. పద్నాలుగేళ్లు దూరంగా ఉంచిన నిద్రాదేవి సరిగ్గా ఆ వేళకు వచ్చి ఎదురుగా నిలబడింది!

‘లక్ష్మణదేవర నవ్వు’ తెలుగు ఆడవాళ్ల పాట. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన ఒక వ్యాసంలో ఇలాంటి స్త్రీల రామాయణ పాటలను లోతుగా చర్చించారు. వాటిలో శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమని సీతను అడుగుతుంది. సీత చూసింది అతని కాలి బొటనవేలు మాత్రమే, కనుక అదే గీస్తుంది. ఆ బొమ్మ పెద్ద రభస అవుతుంది. అప్పుడు ఇంట్లో ఆడవాళ్లంతా సీత పక్షాన నిలబడి రాముణ్ణి నిలదీస్తారు. వేదిక లేదు, టికెట్ లేదు, పాడేవాళ్లూ వినేవాళ్లూ ఆడవాళ్లే. పదిమందిలో నవ్వితే ఆ మాట ఎవరిదని వేలెత్తి చూపడం కష్టం. ఆ రక్షణే ఈ కళకు పునాది.

ఈ పాటలు ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్ల లోగిళ్లవి. రేగుంట లాంటి ఊళ్ల పాట పొలంలో పుట్టింది. మహారాష్ట్రలో సిరోంచ తాలూకాలోని ఈ ఊళ్లో బడి మరాఠీ, ఇల్లు తెలుగు, నది దాటితే తెలంగాణ. నాట్లప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. బతుకమ్మ చుట్టూ చప్పట్లతో తిరిగేటప్పుడూ అంతే. ఎత్తుకునే ఆమెకు మాట కలిపే స్వేచ్ఛ ఉంటుంది. పెత్తనం చేసే అత్తకూ కూలి ఎగ్గొట్టే ఆసామికీ ఆ పాటలోనే చురక తగులుతుంది. వియ్యపురాలిని ఎకసెక్కం చేసే పెళ్లి పాటల సంగతి చెప్పనే అక్కర్లేదు.

లోగిలి దాటి సభకెక్కిన పాటకు ధర చెల్లించాల్సి వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటతోనే ఊళ్లను కదిలించారు. భువనగిరి నూలుమిల్లులో పనిచేసిన బెల్లి లలిత తెలంగాణ కళాసమితి గొంతు అయ్యారు. 1999 మేలో ఆమెను చంపి ముక్కలు చేశారు. గొంతుకు అంత భయపడ్డారు. అరుణోదయ బృందపు విమలక్క ఆ దారిలోనే భుజాన గొంగడితో, కాలికి గజ్జెలతో నిలబడి బహుజన బతుకమ్మ ఆడించారు. విమలక్క సభకు వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు, పాటకూ పాటకూ నడుమ చెప్పే ముచ్చటకు బలం ఎక్కువ. అక్కడే జనం నవ్వుతారు, తర్వాతి చరణానికి సిద్ధమవుతారు.

మరాఠీ వైపూ ఇదే నైపుణ్యం ఉంది. ముంబయి స్త్రీ ముక్తి సంఘటన 1983లో మొదలుపెట్టిన జ్యోతి మ్హాపసేకర్ నాటకం ‘ముల్గీ ఝాలీ హో’ ఆడపిల్ల పుట్టిందన్న దిగులునే పాటలతో, నవ్వులతో ఆడించింది. పల్లెపల్లెకూ తిరిగింది.

అయితే కూలి, కులం, సారా, కట్నం గురించి ఇంత ధైర్యంగా పాడిన గొంతులు ఆడవాళ్లను ప్రేమించే ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోయాయి. అమెరికాలో ఆ ప్రేమను పాడే పని 1970లలోనే జరిగింది. 1973లో వాషింగ్టన్‌లో కొందరు మహిళలు కలిసి ఒలీవియా రికార్డ్స్ పెట్టారు. వారిలో చాలామంది లెస్బియన్లు. క్రిస్ విలియమ్సన్ 1975 ఆల్బమ్ ‘ద ఛేంజర్ అండ్ ద ఛేంజ్డ్’ పెద్ద రేడియోల అండ లేకుండానే చేతులు మారి ఇల్లిల్లూ చేరింది. 1982లో ఆమె, మెగ్ క్రిస్టియన్ కలిసి న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో పాడారు. 1979లో రాబిన్ టైలర్ తాను లెస్బియన్‌నని దాచకుండా హాస్య ఆల్బమ్ విడుదల చేశారు. 1976లో మొదలైన మిషిగన్ మహిళా సంగీతోత్సవం మాత్రం ట్రాన్స్ మహిళలను కాదని, ఆ వివాదం మధ్యే 2015లో ముగిసింది. ఎవరికో తలుపు మూసి పాడే విముక్తి పాట ఎంత శ్రావ్యమైనా మనసుకు పట్టదు.

మన దేశంలో వాసు ప్రిమ్లాని లెస్బియన్‌నని బహిరంగంగా చెప్పుకుంటూ స్టాండప్ కామెడీ చేశారు, 2015 సంవత్సరానికి నారీశక్తి పురస్కారం అందుకున్నారు. ఆస్ట్రేలియా హాస్యకారులు హన్నా గాడ్స్‌బీ 2018 ‘నానెట్’లో తమను తామే కించపరచుకునే జోకులు ఇక వేయనని ప్రకటించారు. నవ్వించడం ఆపి, జోకులో దాచిన దెబ్బను సూటిగా చెప్పారు. ఆ నిమిషాలు చూసినవాళ్లకు హాస్యం ఎంత భారం మోస్తుందో తెలిసొచ్చింది.

తెలుగులో ఆడవాళ్ల మధ్య ప్రేమను పాడి నవ్వించబోయే అమ్మాయికి సరుకు కొరత లేదు. వియ్యపురాళ్ల పాటల వరస ఉంది, ఒకరెత్తితే పదిమంది అందుకునే పద్ధతి ఉంది, పాట నడుమ ముచ్చట ఉంది. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ యాత్ర నడుస్తోంది, కనుక వినేవాళ్లూ ఉన్నారు. కావాల్సింది సభ పెట్టేవాళ్ల పూనిక. అమెరికా మహిళల కచేరీల్లో టికెట్ ధర స్తోమతను బట్టి ఉండేది, పిల్లల్ని చూసుకోవడానికి మనుషులుండేవారు, వేదిక మీద సైగల భాషలో పాట చెప్పేవాళ్లుండేవారు. సిరోంచలో పెట్టే సభకూ ఇవన్నీ అమరుతాయి. పిల్లల్ని చూసేందుకు ఇద్దరు, కూలికెళ్లే ఆడవాళ్లు ఇంటికి చేరాక మొదలయ్యే వేళ, అర్ధరాత్రి వాళ్లను తిరిగి ఊళ్లకు చేర్చే ఒక బండి. పోస్టర్ మీద ఆ అమ్మాయి పేరు, ఆమె కోరుకుంటే ఆమె ప్రేమ సంగతి కూడా, పెద్ద అక్షరాల్లో.